కారులోని ప్లాస్టిక్కు – ఎండా, చలీ



కారు సంగతులు మనకెందుకు, అవి మగవాళ్లు చూసుకుంటారు కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. రెండేళ్ల కిందటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని. ఎక్కి కూర్చోవడం, దిగేటప్పుడు సంచులు లెక్కపెట్టుకోవడం, అంతవరకే నా ప్రమేయం. ఆ అభిప్రాయం ఎలా మారిందో ముందు చెప్పి, తరవాత అసలు విషయంలోకి వస్తాను.

మా ఆడపడుచు కూతురి పెళ్లికని హైదరాబాదు నుంచి విజయవాడకి కారులో బయల్దేరాం. మే నెల. మిట్ట మధ్యాహ్నం. సూర్యాపేట ఇంకా కొంత దూరం ఉందనగా బానెట్టు సందుల్లోంచి ఆవిరి రావడం మొదలైంది. మా వారు కారు పక్కకి తీసి ఆపి, బానెట్టు ఎత్తారు. లోపల ఓ మూల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజన్ని చల్లబరిచే నీళ్లు అందులో ఉంటాయి. ఆ డబ్బా అతుకు దగ్గర వెంట్రుకవాసి చీలిక పడి, అందులోంచి వేడినీళ్లు చిమ్ముతున్నాయి. "నీళ్లు తగ్గినట్టున్నాయి, కాసిని పోద్దాం. ఆ సీసా ఇలా ఇయ్యి" అంటూ మా వారు డబ్బా మూత మీద చెయ్యి వేశారు.

సరిగ్గా అప్పుడే వెనకాల ఆగిన లారీ డ్రైవరు గట్టిగా కేకేశాడు. "సార్, ముట్టకుండ్రి! ఇప్పుడు మూత తీస్తే మొకం కాలుతది. జర చల్లారనీయుండ్రి."

మా వారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ముప్పావుగంట సేపు వేపచెట్టు కింద కూర్చున్నాం. ఆ కేక ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే మేం పెళ్లికి కాదు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లం. తరవాత సూర్యాపేటలో మెకానిక్కు పాత డబ్బా ఊడదీసి నా చేతికిచ్చి, "చూడుండ్రమ్మా, కొత్తగున్నప్పుడు ఇది పాల లెక్క తెల్లగుంటది. ఇప్పుడు చాయ్ రంగొచ్చింది. ప్లాస్టిక్‌కు కూడ వయసుంటదమ్మా" అన్నాడు.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ప్లాస్టిక్కు మట్టిలో కలవదు, నశించదు అని రోజూ వింటున్నాం కదా, మరి దానికి వయసేమిటి? మా తమ్ముడు ఇంజనీరు. వాణ్ణి విసిగించి, వాడిచ్చిన పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులే ఇవాళ మీతో పంచుకుంటున్నాను.

మొట్టమొదట గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ప్లాస్టిక్కు అన్నది ఒక్క వస్తువు పేరు కాదు. పప్పు అంటే కందిపప్పా, పెసరపప్పా, మినప్పప్పా అని అడుగుతాం. ఉడికే తీరు ఒక్కోదానిది ఒక్కో రకం. ప్లాస్టిక్కూ అంతే. ఒక మామూలు కారులోనే పది పదిహేను రకాలుంటాయి. ముందూ వెనకా బంపర్లు ఒక రకం, డాష్‌బోర్డు మరో రకం, దీపాల అద్దాలు ఇంకో రకం, ఇంజన్ పక్కన ఉండేవి వేరే రకం. చూడడానికి అన్నీ నల్లగా నున్నగా ఒకలాగే ఉంటాయి కానీ ఎండకీ చలికీ తట్టుకోవడంలో ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు.

వీటిని స్థూలంగా రెండు తెగలు చేయవచ్చు. ఒకటి నెయ్యి తెగ, రెండోది దోసె తెగ. నెయ్యి వేడిచేస్తే కరుగుతుంది, చల్లారితే పేరుకుంటుంది. మళ్లీ వేడిచేస్తే మళ్లీ కరుగుతుంది. బక్కెట్లు, డబ్బాలు, బంపర్లు, డాష్‌బోర్డులు ఈ తెగవి. దోసె అలా కాదు. ఒకసారి కాలిందంటే దాన్ని మళ్లీ పిండి చేయలేం. ఎక్కువ వేడిచేస్తే మాడుతుందే కానీ కరగదు. మన ప్రెషర్ కుక్కరు పిడి ఈ తెగది. బేకలైట్ అంటారు. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేకలాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో దీన్ని తయారుచేశాడు. పాతకాలపు కార్లలో ఇంజన్‌కి నిప్పురవ్వ అందించే భాగం మూత కూడా ఇలాంటి పదార్థంతోనే చేసేవారు. ఇప్పటి కార్లలో ఎక్కువ భాగం నెయ్యి తెగవే కనుక, వాటి సంగతే చెప్పుకుందాం.

మీరు బెల్లం పాకం పట్టే ఉంటారు. పొయ్యి మీద ఉన్నప్పుడు గరిటెలోంచి ధారగా జారుతుంది. కాస్త చల్లారితే తీగ సాగుతుంది, వంచితే వంగుతుంది. పూర్తిగా చల్లారిన ఉండపాకాన్ని నేలకేసి కొడితే ఠంగుమని విరుగుతుంది. పాకం అదే, బెల్లం అదే. మారింది వేడి ఒక్కటే. ప్లాస్టిక్కులో కూడా పొడుగాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. వేడి తగిలేకొద్దీ అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి. చలికి బిగుసుకుపోతాయి. అంచేత ప్రతి ప్లాస్టిక్కుకీ రెండు గీతలుంటాయనుకోండి. పైన మెత్తబడే గీత, కింద పెళుసెక్కే గీత. ఆ రెండింటి మధ్యా ఉన్నంతసేపే అది మన మాట వింటుంది.

ఈ గీతలు ఎక్కడెక్కడ ఉంటాయో నాలుగు అంకెలు చెబుతాను. కూల్‌డ్రింకు సీసా చేసే ప్లాస్టిక్కు 70, 75 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అందుకే ఆ సీసాలో మరిగే నీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది. కారు లోపలి బిళ్లలకీ, ముందుండే జాలీకీ వాడే ఏబీఎస్ సుమారు 105 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది. పెట్రోలు టాంకు చేసే పాలిథీను 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బంపర్లకీ, బ్యాటరీ పెట్టెకీ, నీళ్ల డబ్బాకీ వాడే పాలీప్రొపిలీను 160, 165 డిగ్రీల మధ్య కరుగుతుంది. దీపాల అద్దాలకు వాడే పాలీకార్బొనేటు 147 డిగ్రీల దాకా మెత్తబడదు. ఇంజన్ పక్కన వాడే నైలాన్ రకం 260 డిగ్రీల దాకా కరగదు.

అయితే మరి 160 డిగ్రీల దాకా కరగని డబ్బా మే నెల ఎండలో ఎందుకు చీలింది అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కరగకపోయినంత మాత్రాన ఏమీ కాదని అర్థం కాదు. కొవ్వొత్తి చూడండి. మే నెలలో అలమరలో పెట్టిందే వంగిపోతుంది, కరగదు. అలాగే బరువు మీద ఉన్న ప్లాస్టిక్కు కరిగే వేడికి చాలా ముందే సాగుతుంది, వంగుతుంది. అదీకాక వేడి దానికి వయసు పెంచుతుంది. వేసవిలో దోసెపిండి ఎంత తొందరగా పులుస్తుందో మనకి తెలుసు. అదే లెక్క ఇక్కడా. వేడి పది డిగ్రీలు పెరిగితే ప్లాస్టిక్కు ముసలితనం సుమారు రెట్టింపు వేగంతో వస్తుందని ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెబుతారు. గాలిలోని ప్రాణవాయువు ఆ పొడుగాటి గొలుసులని కొద్దికొద్దిగా తెంపుతూ పోతుంది. తెల్లగా ఉన్నది పసుపుపచ్చ అవుతుంది, తరవాత డికాక్షన్ రంగుకి తిరుగుతుంది, ఒక రోజు అతుకు దగ్గర చీలుతుంది. మెకానిక్కు చెప్పిన వయసు ఇదే.

ఇక బానెట్టు కింద ఏం జరుగుతుందో చూద్దాం. మన వంటింటి సామాన్లలో దీనికి సరిపోలింది ప్రెషర్ కుక్కరే. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్లో కిలో ఒత్తిడి ఎక్కేసరికి 120 డిగ్రీల దాకా వెళ్లినా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. కారు ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లకు వేసే మూత కూడా దాదాపు ఒక కిలో ఒత్తిడి ఆపేదే. ఇంజన్ మామూలుగా నడిచేటప్పుడే ఆ నీళ్లు 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. ఎండలో ఏసీ వేసుకుని, నలుగురినీ నాలుగు పెట్టెల్నీ మోస్తూ పరుగెత్తితే ఇంకా పెరుగుతాయి. ఆ స్థితిలో మూత తీశామనుకోండి, ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. వంద డిగ్రీలు దాటిన నీళ్లు ఉన్నపళాన ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఆవిరి దిగకుండా కుక్కరు మూత మనం తీస్తామా? కారు మూతా అంతే. చీలిక పడింది కదా, ఒత్తిడి పోయి ఉంటుందిలే అనుకోకూడదు. మాది సన్నని చీలిక. లోపల ఒత్తిడి ఇంకా ఉంది.

ఇంత వేడిలో పెట్టే భాగాలకి మామూలు ప్లాస్టిక్కు పనికిరాదు. అందుకని రేడియేటరు రెండు పక్కలా ఉండే తొట్లకీ, ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాలకీ నైలాన్ వాడతారు. చీరల నైలాన్ కుటుంబమే. 1935లో అమెరికాలో వాలెస్ కరోదర్స్ కనిపెట్టినది. దీంట్లో సన్నని గాజుపోగులు కలుపుతారు, వంద పాళ్లలో ముప్పై పాళ్ల దాకా. మట్టిగోడలో వరిగడ్డి కలిపినట్టన్నమాట. గాజుపోగులు పట్టి ఉంచుతాయి కనుక వేడికి సాగదు, వంగదు. అయినా ఏళ్ల తరబడి వేడినీళ్లలో నాని నాని ఇదీ బలహీనపడుతుంది.

మా కారు విషయంలో ఇంకో తప్పు మాదే. నీళ్లు తగ్గినప్పుడల్లా మా వారు బోరు నీళ్లు పోస్తూ వచ్చారు. కంపెనీ వాళ్లు పొయ్యమనేది కూలెంటు. గ్లైకాల్ అనే ద్రవాన్ని నీళ్లతో కలిపి, తుప్పు పట్టకుండా మందులు వేసి తయారుచేస్తారు. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉంటే సున్నకు దిగువన 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, మరిగే వేడి కూడా నీళ్లకన్నా ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ. ఉత్త బోరు నీళ్లు పోస్తే, మన కాఫీ కెటిలు అడుగున తెల్లటి పెచ్చు కట్టినట్టే రేడియేటరు సన్నని గొట్టాల్లో సున్నం కడుతుంది. సున్నం కడితే వేడి బయటికి పోదు. వేడి పోకపోతే ప్లాస్టిక్కుకి వయసు తొందరగా మీదపడుతుంది. చూశారా, ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో!

ఒక హెచ్చరిక. కూలెంటు తియ్యగా ఉంటుంది, కానీ అది విషం. మిగిలినదాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంట్లో పెట్టకండి. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

పోతే, కారు లోపలి సంగతి. ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే లోపల కూర్చునేది మనం. అద్దం ఎండ వెలుగుని లోపలికి రానిస్తుంది. ఆ వెలుగు డాష్‌బోర్డుకీ సీట్లకీ తగిలి వేడిగా మారుతుంది. ఆ వేడిని అద్దం సులువుగా బయటికి పోనివ్వదు, తలుపులు మూసి ఉన్నాయి కనుక గాలీ ఆడదు. 2018లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయం ఒకదాని వాళ్లు, అక్కడి ఎండలు మన రామగుండం, రెంటచింతల ఎండల్లాంటివే, కార్లు ఎండలో గంటసేపు నిలిపి కొలిచి చూశారు. లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, స్టీరింగు 53, సీటు 51, డాష్‌బోర్డు 69 డిగ్రీలు. మధ్యాహ్నమంతా నిలిపి ఉంచితే నల్లటి డాష్‌బోర్డు ఇంకా పైకి పోతుంది.

ఇప్పుడు ఇందాకటి అంకెలు గుర్తుచేసుకోండి. ఏబీఎస్ మెత్తబడేది 105 దగ్గర. అంటే డాష్‌బోర్డు చేసిన ఇంజనీరు మన ఎండకి సరిపడా జాగ్రత్త పడ్డాడన్నమాట. కానీ మనం బజారులో కొని దానిమీద పెట్టే వస్తువులు చేసినవాళ్లు ఆ జాగ్రత్త పడలేదు. సెల్‌ఫోను పట్టే చౌకరకం బిళ్లలు, దేవుడి బొమ్మల కింది జిగురు, సెంటు బుడ్ల మూతలు వంకర్లు పోవడానికి కారణం ఇదే.

కొత్త కారులో ఒక ఘాటైన వాసన వస్తుంది. కొన్నాళ్లకి ముందు అద్దం లోపలివైపు పొగమంచులాంటి జిడ్డు పొర కడుతుంది. అది వంటింటి జిడ్డు కాదు. రెగ్జిన్ సీట్లకీ మెత్తటి తొడుగులకీ వాడే పీవీసీ నిజానికి గట్టి సరుకు. చపాతీ పిండిలో నూనె వేసినట్టు దాంట్లో నూనెలాంటి పదార్థం కలిపి మెత్తబరుస్తారు. ఎండ వేడికి ఆ నూనె కొద్దికొద్దిగా ఆవిరై అద్దం మీద చేరుతుంది. నూనె తగ్గినకొద్దీ సీటు తొడుగు అప్పడంలా తయారై పగుళ్లిస్తుంది. ఆపడానికి పెద్ద ఖర్చేమీ లేదు. నీడలో నిలపడం, నీడ లేకపోతే ముందు అద్దానికి లోపలినుంచి ఒక తెర పెట్టడం. ఎక్కేముందు రెండు నిమిషాలు తలుపులు బార్లా తెరిచి వేడిగాలి పోనివ్వడం. జిడ్డుని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మళ్లీ తుడవాలి. లేదంటే రాత్రిపూట ఎదురు దీపాల వెలుగు ఆ పొర మీద చెదిరి దారి కనిపించదు.

ఎండలో నిలిపిన కారులో కొన్ని వస్తువులు వదలకూడదు. గ్యాస్ లైటర్లు, సెంటు స్ప్రే డబ్బాలు అస్సలు వదలకండి. ఆ స్ప్రే డబ్బాల మీదే 50 డిగ్రీలు దాటనివ్వవద్దని రాసి ఉంటుంది, డాష్‌బోర్డు మీద ఆ 50 అరగంటలో దాటిపోతుంది. సెల్‌ఫోన్లు, పవర్ బ్యాంకులు కూడా అంతే. మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, వదలకండి. మంచినీళ్ల సీసా వదిలినా ఆ నీళ్లు తాగడానికి బాగుండవు, పారబొయ్యండి.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది పిల్లల గురించి. "వాడు నిద్రపోతున్నాడు, లేపడమెందుకు, రెండు నిమిషాల్లో కూరలు కొనుక్కొచ్చేస్తా" అని బిడ్డని కారులో వదిలిపోవడం మన ఊళ్లలోనూ జరుగుతోంది. 2005లో అమెరికా వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. ఎండ మరీ తీవ్రంగా లేని రోజున కూడా మూసిన కారులో గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఐదింట నాలుగు వంతులు మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా లాభం కనబడలేదు. పసిపిల్లల ఒంటి వేడి పెద్దవాళ్లకన్నా చాలా తొందరగా పెరుగుతుంది. డాష్‌బోర్డు పాడైతే కొత్తది వేయించుకుంటాం. బిడ్డని రెండు నిమిషాలైనా వదలకండి. లేపితే ఏడుస్తాడు, ఏడవనివ్వండి.

ఎండ సంగతి అయింది, ఇప్పుడు చలి. మనకి చలేమిటి అంటారేమో. మన పిల్లలు ఎక్కడెక్కడ ఉంటున్నారో చూడండి. మా మేనకోడలు అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటుంది. అక్కడ చలికాలంలో సున్నకు దిగువన 30 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి. ఓ జనవరి ఉదయం కారు తలుపు తీద్దామని లాగితే పిడి పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చిందట. "నేనేమంత బలంగా లాగాను అత్తా!" అని ఫోనులో ఒకటే బాధ. అది బలం సంగతి కాదు, చలి సంగతి.

మన ఫ్రిజ్‌లోనే ఇది చూడవచ్చు. ఫ్రీజరులో సున్నకు దిగువన 18 డిగ్రీలుంటుంది. అందులోంచి తీసిన ప్లాస్టిక్ డబ్బా చెయ్యిజారి పడితే మూల పగులుతుంది. అదే డబ్బా గూట్లోంచి పడితే ఏమీ కాదు. అలాంటి డబ్బాలు చాలామటుకు పాలీప్రొపిలీనువే. ఆ సరుకు మామూలు రకానికి పెళుసెక్కే గీత సున్న డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. బంపర్లు చేసేదీ ఆ సరుకుతోనే! మరి చలిదేశాల్లో బంపరు తగలగానే ముక్కలవదా? కాదు. ఎందుకంటే దాంట్లో రబ్బరు కలుపుతారు. సన్నసన్నని రబ్బరు కణాలు ప్లాస్టిక్కు మధ్య చేరి, దెబ్బ తగిలినప్పుడు ఆ బలాన్ని తాము పుచ్చుకుంటాయి, చీలికని ముందుకు పోనివ్వవు. మన దేశంలోనే చూడండి. రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల ఎండ కాసింది. లడాఖ్‌లోని ద్రాస్‌లో చలికాలం రాత్రులు సున్నకు దిగువన 20 డిగ్రీలు దాటుతాయి. రెండు చోట్లా తిరిగే కారు ఒక్కటే. వెనకటి అంబాసిడరు ఇనుప బంపరుకి ఈ బాధ లేదు, దానికి తుప్పు బాధ.

పెట్రోలు టాంకు విషయంలో ఇంకా కట్టుదిట్టంగా ఉంటారు. దానికి పాలిథీను వాడడానికి ఒక కారణం, అది సున్నకు దిగువన 70 డిగ్రీలకు పోయినా పెళుసెక్కకపోవడమే. ఐరోపా నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ టాంకుని సున్నకు దిగువన 40 డిగ్రీలకు చల్లబరిచి, ఉయ్యాలలా ఊగే బరువైన ఇనుపదిమ్మెతో కొట్టి చూస్తారు. కారకూడదు. అలాగే మంట మీద పెట్టి కూడా పరీక్షిస్తారు.

చలిని తేలిగ్గా తీసుకుంటే ఎంత పని జరుగుతుందో లోకానికి ఒకసారి తెలిసింది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్షనౌక ఛాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకి పేలిపోయి ఏడుగురు చనిపోయారు. అంతకుముందు రాత్రి గడ్డకట్టే చలి. రాకెట్టు అతుకుల్లో ఉన్న రబ్బరు చుట్టలు ఆ చలికి బిగుసుకుపోయి, సందుని వెంటనే మూయలేకపోయాయి. విచారణ జరిగేటప్పుడు రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఆ రబ్బరు ముక్కని బిగించి గ్లాసుడు మంచునీళ్లలో ముంచి, తీసి, అది వెంటనే మామూలు ఆకారానికి రాకపోవడం అందరికీ చూపించాడు. రబ్బరూ ప్లాస్టిక్కూ ఒకే కుటుంబం. దాని పెళుసు గీత ఎక్కడుందో తెలియక కాదు, ఆ రోజు చలి ఆ గీత దగ్గరికి వచ్చిందని చెప్పిన ఇంజనీర్ల మాట విననందువల్ల ఏడు ప్రాణాలు పోయాయి.

అన్నట్టు, తెల్లవారుజామున కారు కదలగానే డాష్‌బోర్డు కిర్రుకిర్రుమంటుంది, ఎండెక్కాక ఆ చప్పుడు ఉండదు. ఎందుకో చెప్పనా? ప్లాస్టిక్కు వేడికి వ్యాకోచించడం ఇనుముకన్నా చాలా ఎక్కువ. మీటరు పొడవు పాలీప్రొపిలీను కడ్డీ, 40 డిగ్రీలు వేడెక్కితే 4 నుంచి 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే ఉక్కు కడ్డీ అర మిల్లీమీటరే. అంచేత బంపరుకి మేకులు బిగించే కన్నాలు గుండ్రంగా కాక కోలగా పెడతారు, పెరగడానికీ తగ్గడానికీ చోటుండాలని. బంపరు తిరిగి బిగించేటప్పుడు ఎవరైనా ఆ కన్నాలకి బదులు కొత్త కన్నాలు పొడిచి గట్టిగా మరలు బిగిస్తే, వేసవి వచ్చేసరికి అక్కడే చీలుతుంది.

ముందు దీపాల అద్దాలు పసుపెక్కి మసకబారడం మాత్రం వేడి వల్ల కాదు, వెలుగు వల్ల. మేడమీద ఆరుబయట వదిలిన బక్కెట్టు, బట్టల క్లిప్పులు రెండేళ్లకి పట్టుకుంటే విరిగిపోవడం చూస్తుంటాం. ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు చేసే పని అది. దీపం అద్దానికి కాపుగా సన్నని పూత ఉంటుంది. అది అరిగాక పసుపెక్కుతుంది. మరకపోవాలని కిరసనాయిలుతోనో పెట్రోలుతోనో తిన్నరుతోనో తుడవకండి. ఆ ప్లాస్టిక్కుకి అవి పడవు, సన్నని పగుళ్లు పడతాయి. సబ్బునీళ్లు చాలు.

ఇక మనం ఇంట్లో చెయ్యగలిగినవి చెప్పి ముగిస్తాను. నెలకోసారి, పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్టు ఎత్తించి ఆ నీళ్ల డబ్బా చూడండి. నీళ్లు రెండు గీతల మధ్య ఉండాలి. డబ్బా రంగు చూడండి. టీ రంగుకి తిరిగినా, అతుకు దగ్గర తెల్లటి చార కనబడినా మార్పించమని చెప్పండి. కొత్త డబ్బా ఖరీదు నడిరోడ్డు మీద ఇంజన్ పాడైతే అయ్యే ఖర్చులో చిన్న పాలు. నీళ్లకి బదులు కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి. దారిలో ఆవిరి వస్తే కారు పక్కకి తీసి ఇంజన్ ఆపాలి, పిల్లల్ని దింపి నీడకి తీసుకెళ్లాలి, కనీసం ముప్పావుగంట దాకా మూత జోలికి పోకూడదు. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించకూడదు. వేడి గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా.

ఏదైనా భాగం మార్పించేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ తిరగేసి చూడండి. వెనకవైపు రెండు బాణపు మొనల మధ్య ఇంగ్లీషు అక్షరాలుంటాయి. పీపీ అంటే పాలీప్రొపిలీను. దాని పక్కన ఈపీడీఎం అని ఉంటే రబ్బరు కలిపినది. పీఏ66-జీఎఫ్30 అని ఉంటే ముప్పై పాళ్లు గాజుపోగు కలిపిన నైలాన్. పాతదాని మీద ఉన్న అక్షరాలే కొత్తదాని మీదా ఉన్నాయో లేదో చూడడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. బియ్యంలో రాళ్లేరే కళ్లు మనవి. చౌకగా వస్తోంది కదా అని అక్షరాలే లేని సరుకు ఇంజన్ పక్కన పెట్టించకండి.

విజయవాడలో ఆ రాత్రి పెళ్లి చక్కగా జరిగింది. తలంబ్రాల వేళకి అందుకున్నాం. మా వారి చేతులు రెండూ చల్లగా ఉండబట్టే అక్షింతలు వేయగలిగారు. ఆ లారీ డ్రైవరు పేరు అడగడం మాత్రం మరిచిపోయాం. ఈ ప్రసంగం విన్నవాళ్లలో ఒక్కరైనా కాగిన కారు మూత మీద పడబోయే చేతిని ఆపగలిగితే, ఆయన ఋణం కొంత తీరినట్టే అనుకుంటాను.



(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)